పాత అకార్డ్ స్టీరియో మార్చకుండా శాటిలైట్ రేడియో పెట్టించుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇల్లు డాలస్‌లో, పని మిడ్‌ల్యాండ్‌లో. వారం వారం ఐ-20 హైవే మీద మూడు వందల పైచిలుకు మైళ్లు వెళ్లిరావాలి. అబిలీన్ దాటాక ఫోన్‌లో పాట ఆగి ఆగి వస్తోంది. కారు సెకండ్ హ్యాండ్ 2005 హోండా అకార్డ్. స్టీరియో, ఏసీ బటన్లు ఒకే పలకలో కలిసి ఉన్నాయి కాబట్టి స్టీరియో మార్చే ఉద్దేశం లేదు. ఆన్‌లైన్‌లో ఎస్‌ఎక్స్‌వీ300 అనే సిరియస్ ఎక్స్‌ఎమ్ (అమెరికాలో శాటిలైట్ రేడియో నడిపే కంపెనీ) ట్యూనర్, అంటే సిగ్నల్ పట్టే డబ్బా, కనబడింది, "అన్ని కార్లకూ సరిపోతుంది" అని అమ్మేవాడు రాశాడు, కొనొచ్చా అని. ఆ పైన విజయవాడలో నాన్నగారి పాత స్విఫ్ట్‌కి కూడా ఇలాంటిదేమైనా పెట్టించొచ్చా అని అడిగారు. దాని సంగతి ఆఖర్న చెప్తాను.

ఎస్‌ఎక్స్‌వీ300 కొనకండి. మీ స్టీరియోకి అది తగలదు. మీకు పనికొచ్చేది సొంత తెర, సొంత బటన్లు ఉన్న రిసీవర్ (ఆనిక్స్ ఈజీ లాంటిది), దానికి ఎఫ్ఎమ్ డైరెక్ట్ అడాప్టర్, కారు పైకప్పు మీద అయస్కాంతం యాంటెనా. స్టీరియో ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, వెనక యాంటెనా వైరు దగ్గర మాత్రం చిన్న మార్పు. అయితే డబ్బు పెట్టే ముందు ఒక పని చేయండి. మీ కారులో శాటిలైట్ రేడియో ఈపాటికే ఉందేమో చూసుకోండి.

ఈ మాట ఎందుకంటున్నానంటే, ఆ తరం అకార్డ్‌లలో కొన్ని పై ట్రిమ్‌లకి, అంటే ఖరీదైన రకాలకి, హోండా ఫ్యాక్టరీలోనే ఎక్స్‌ఎమ్ (తర్వాత సిరియస్‌తో కలిసిన శాటిలైట్ రేడియో కంపెనీ) ట్యూనర్ పెట్టి పంపింది. హోండా అప్పట్లో ఎక్స్‌ఎమ్ కంపెనీలో పెట్టుబడి కూడా పెట్టింది. మొదటి ఓనర్ ట్రయల్ అయిపోయాక వదిలేసి ఉంటాడు, రెండో ఓనర్‌కి ఆ బటన్ ఏమిటో కూడా తెలిసి ఉండదు, మీ చేతికి వచ్చేసరికి కారు అమ్మినవాడికే ఆ సంగతి తెలియదు. ప్లేనోలో కార్ ఆడియో షాపులో ఇన్‌స్టాలర్‌గా చేసిన రోజుల్లో "శాటిలైట్ రేడియో పెట్టండి" అంటూ వచ్చి, ఉన్నదాన్నే ఆన్ చేయించుకుని పోయినవాళ్లు నాకు బాగా గుర్తు. షాపుకి లాభం లేదు గానీ కస్టమర్ మాత్రం పది మందికి చెప్తాడు.

చూడటం తేలికే. స్టీరియో మీద ఎక్స్‌ఎమ్ అనే అక్షరాలున్న బటన్ కోసం వెతకండి. ఉంటే కారుని ఇంటి షెడ్ కింద నుంచి బయటికి తీసి, ఆకాశం బాగా కనబడే చోట ఆపి, ఆ బటన్ నొక్కండి. 1వ చానెల్‌లో ప్రివ్యూ వినిపించిందంటే ట్యూనర్, యాంటెనా రెండూ బతికే ఉన్నాయి. చందా కట్టకపోయినా ఆ చానెల్ వస్తుంది. తర్వాత 0 చానెల్‌కి వెళ్తే రేడియో ఐడీ కనబడుతుంది, ఎక్స్‌ఎమ్ వాటికి 8 అక్షరాలు. అది రాసుకునేటప్పుడు ఒక చిన్న సంగతి: ఐ, ఓ, ఎస్, ఎఫ్ అనే ఇంగ్లిష్ అక్షరాలు అందులో వాడరు. మీకు ఐ లాగా కనబడింది ఒకటి, ఓ లాగా కనబడింది సున్నా, ఎస్ లాగా కనబడింది అయిదు. ఆ ఐడీ చెప్పి చందా కడితే పని అయిపోయింది, ఒక్క స్క్రూ కూడా విప్పక్కర్లేదు.

తెర మీద యాంటెనా అని తప్పు చూపిస్తే పైన ఉండే చిన్న నల్ల బిళ్ల పాడయిందో, దాని వైరు ఊడిందో అనుకోవాలి. యాక్సిడెంట్ అయి పెయింట్ వేయించిన కార్లలో ఇది చాలా మామూలు. పెయింట్ వేసేవాడు బిళ్ల పీకుతాడు, తిరిగి వైరు పెట్టడు. కాబట్టి కొత్త రేడియో కొనేకన్నా ముందు ఆ వైరు వెతకడం మేలు.

బటన్ లేదు, ట్యూనర్ లేదు అనుకుందాం. ఇక అసలు విషయం.

ఎస్‌ఎక్స్‌వీ300 అనేది ట్యూనర్ మాత్రమే. దానికి తెర లేదు, బటన్ లేదు, నేరుగా స్పీకర్‌కి ఇచ్చే సౌండ్ అవుట్‌పుట్ కూడా లేదు. ఒక ప్రత్యేకమైన కేబుల్‌తో "సిరియస్ ఎక్స్‌ఎమ్ రెడీ" అని రాసి ఉన్న పయనీర్, కెన్‌వుడ్, ఆల్పైన్, సోనీ లాంటి స్టీరియోల వెనక గుచ్చుకోవాలి. చానెల్ మార్చమని చెప్పేది, పాట పేరు చూపించేది ఆ స్టీరియోనే. 2005 హోండా స్టీరియోకి ఆ భాష రాదు. మధ్యలో దుబాసీ పని చేసే బాక్సులు కొన్ని కంపెనీలు కొన్ని మోడల్స్‌కి తయారుచేశాయి, నిజమే. అవి మీ కారు మోడల్‌కి, మీ ట్రిమ్‌కి కచ్చితంగా సరిపోవాలి, ఆ పైన ట్యూనర్ ధర వేరే. దొరికినా రిసీవర్, అడాప్టర్ కలిపి పెట్టే ఖర్చుకన్నా ఎక్కువే తేలుతుంది. "అన్ని కార్లకూ" అన్న మాట నమ్మొద్దు, ఆ మాట ఏ స్టీరియో సామానుకీ వర్తించదు.

స్టీరియో మొత్తం మార్చడం మీరే వద్దన్నారు, మంచి పని చేశారు. 2003 నుంచి 2007 దాకా వచ్చిన అకార్డ్‌లలో రేడియో, ఏసీ కంట్రోలు ఒకే యూనిట్, ఒకే డిస్‌ప్లే. దాన్ని తీసి బయటి స్టీరియో పెట్టాలంటే ఏసీ నాబ్‌లతో సహా కొత్త పలక ఉన్న డాష్ కిట్ కొనాలి. కిట్, వైరింగ్, స్టీరియో, కూలీ అన్నీ కలిపితే పాత కారుకి అది మోయలేని బరువు. పైగా ఫ్యాక్టరీ పలక లాంటి ముగింపు ఏ కిట్‌కీ రాదు.

కాబట్టి సొంత తెర ఉన్న రిసీవర్ అనే దారికి వద్దాం. దాని నుంచి వచ్చే సౌండ్‌ని స్టీరియోలోకి ఎలా పంపాలన్నదే అసలు ప్రశ్న. నాలుగు దారులున్నాయి, అన్నీ సమానం కావు.

ఆక్స్ జాక్ (బయటి పరికరం సౌండ్‌ని స్టీరియోకి ఇచ్చే రంధ్రం) ఉంటే వేరే ఆలోచన అక్కర్లేదు, ఒక 3.5 మిల్లీమీటర్ల వైరుతో అయిపోతుంది. మీ 2005లో అది లేదు. 2007 క్యామ్రీ ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే మీకు ఆ జాక్ ఉంది, ఇక్కడితో మీ పని అయిపోయింది.

క్యాసెట్ ప్లేయర్ ఉన్న కార్లకి క్యాసెట్ అడాప్టర్. దీన్ని చూసి నవ్వకండి. నాకు తెలిసిన ఒకాయన 2004 క్యామ్రీకి అదే పెట్టాను, ఎఫ్ఎమ్ కన్నా శుభ్రంగా పలికింది. కాకపోతే ఆటో రివర్స్ ఉన్న డెక్‌లు అడాప్టర్‌ని లోపలికి తీసుకుని, టేప్ అయిపోయిందనుకుని, రెండు వైపులా తిప్పి చూసి బయటికి ఉమ్మేస్తాయి. అడాప్టర్ లోపలి పళ్ల చక్రాలు రెండూ కలిసి తిరగకపోతే వచ్చే తగాదా ఇది. వేరే రకం అడాప్టర్ పెట్టి చూస్తే చాలాసార్లు ఒప్పుకుంటుంది.

మూడోది, వైరు లేకుండా ఎఫ్ఎమ్ ద్వారా పంపడం. రిసీవర్ పెట్టెలో వచ్చేది ఇదే, అందుకే అందరూ మొదట ఇదే వాడతారు, మొదట తిట్టుకునేదీ దీన్నే. రిసీవర్ ఒక చిన్న ఎఫ్ఎమ్ స్టేషన్‌లా పని చేస్తుంది, కారు రేడియోని ఆ నంబర్‌కి పెట్టుకోవాలి. అమెరికాలో లైసెన్స్ లేకుండా ఎఫ్ఎమ్‌లో ఇలా పంపే పరికరాల బలం 3 మీటర్ల దూరంలో మీటరుకి 250 మైక్రోవోల్ట్‌లు దాటకూడదని అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన. చాలా బలహీనం అన్నమాట. 2006లో అప్పటి శాటిలైట్ రేడియోల్లో కొన్ని ఈ పరిమితి దాటుతున్నాయని తేలి కంపెనీలు కొన్ని మోడళ్ల సరఫరా ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన పవర్‌కనెక్ట్ అనే పద్ధతిలో సిగ్నల్ కారు కరెంటు వైరింగ్ గుండా వెళ్తుంది. ముందు ఫెండర్ మీద కడ్డీ యాంటెనా ఉన్న కార్లలో ఇది ఫర్వాలేదనిపిస్తుంది. వెనక అద్దంలో యాంటెనా ఉన్న మీ అకార్డ్ లాంటి వాటిల్లో నాకు ఎప్పుడూ తృప్తి కలగలేదు. పైగా డాలస్‌లో ఖాళీ నంబర్ దొరకడమే కష్టం. అప్పట్లో రిసీవర్‌ని 88.1కి పెట్టుకుని "ఎప్పుడూ జాజ్ వినిపిస్తోంది" అని వచ్చినవాళ్లున్నారు. అది యూనివర్సిటీ వాళ్ల స్టేషన్. పక్కనే 88.5 కూడా ఖాళీ లేదు. డాలస్‌లో ఖాళీగా ఉన్న నంబర్ వెతికి పెట్టుకున్నా, అబిలీన్ దగ్గరికొచ్చేసరికి ఆ నంబర్ మీద వేరే ఊరి స్టేషన్ వచ్చి కూర్చుంటుంది.

నాలుగోదే నేను మీకు చెప్తున్నది. ఎఫ్ఎమ్ డైరెక్ట్ అడాప్టర్. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా. స్టీరియో వెనక కారు యాంటెనా ప్లగ్ పీకి ఈ డబ్బాలో పెడతారు, డబ్బా నుంచి వచ్చే ప్లగ్ స్టీరియోలో పెడతారు. మూడో వైరు రిసీవర్ కూర్చునే తొట్టెకి (డాక్‌కి) వెళ్తుంది, ఎఫ్ఎమ్ అవుట్ అని రాసిన రంధ్రంలోకి. శాటిలైట్ రేడియో ఆన్ చేయగానే డబ్బా లోపలి స్విచ్ కారు యాంటెనాని పక్కకి తప్పించి, రిసీవర్ సిగ్నల్‌ని నేరుగా స్టీరియోలోకి పంపిస్తుంది. ఆఫ్ చేస్తే మామూలు ఎఫ్ఎమ్ మళ్లీ వస్తుంది. గాలిలో పోటీ లేదు కాబట్టి బయటి స్టేషన్లతో గొడవ దాదాపు ఉండదు. "దాదాపు" అనడం దేనికంటే, టవర్ పక్క నుంచి వెళ్లేటప్పుడు బలమైన స్టేషన్ ఎంతో కొంత లోపలికి చొరబడుతుంది. కాబట్టి ఇక్కడ కూడా డాలస్‌లోనూ మిడ్‌ల్యాండ్‌లోనూ ఖాళీగా ఉండే నంబరే ఎంచుకోండి.

నాణ్యత గురించి ఒక మాట. ఎంతైనా అది ఎఫ్ఎమ్, సీడీలా పలకదు. అయితే శాటిలైట్ రేడియో సౌండ్ కూడా బాగా కుదించి పంపేదే. గంటకి 75 మైళ్ల వేగంతో, ఇరవై ఏళ్ల కారు టైర్ల మోతలో ఆ తేడా మీకు తెలియదు. నాకూ తెలియదు.

ఇంకో దారి కూడా ఉంది, స్టీరియో వెనక సీడీ చేంజర్ పోర్టుకి తగిలించి ఆక్స్ జాక్ తెచ్చే బాక్సులు. ఫోన్‌లో దించుకున్న తెలుగు పాటలు కూడా ఇదే స్టీరియోలో వినాలని ఉంటే మాత్రం దీనికే నా ఓటు, ఎందుకంటే ఆ జాక్‌కి ఫోనూ పెట్టుకోవచ్చు, శాటిలైట్ రిసీవరూ పెట్టుకోవచ్చు. రెండు ఇబ్బందులున్నాయి. ఫ్యాక్టరీ ఎక్స్‌ఎమ్ ఉన్న కారులో ఆ పోర్టు ఖాళీగా ఉండకపోవచ్చు. రెండోది, రిసీవర్‌కి కరెంటు సిగరెట్ లైటర్ నుంచి, సౌండ్ ఆక్స్ వైరులో వెళ్తున్నప్పుడు గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో గ్రౌండ్ కలిసి వచ్చే గోల) ఏర్పడి సన్నటి కూత మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే కూత పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. అలా వస్తే రిసీవర్ చెడిపోయిందనుకోకండి, ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బా పెడితే పోతుంది.

ఇక బిగించే పని. మీకు స్క్రూడ్రైవర్ అలవాటుంటే ఒక శనివారం పని, లేకపోతే షాపుకివ్వండి. ఏదైనా సరే ఈ సంగతులు తెలిసి ఉండాలి.

స్టీరియో కోడ్ చేతిలో లేకుండా బ్యాటరీ వైరు ముట్టుకోవద్దు. హోండా స్టీరియోకి కరెంటు పోయి తిరిగి వస్తే దొంగతనం రక్షణ కోడ్ అడుగుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి కోడ్ కార్డు ఉండకపోవచ్చు. గ్లవ్ బాక్స్ లోపల స్టిక్కర్ ఉందేమో చూడండి. లేకపోతే హోండా వాళ్లు తమ సైట్‌లో కారు విన్ నంబరు (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు), స్టీరియో సీరియల్ నంబరు ఇస్తే కోడ్ ఉచితంగా ఇస్తారు. ఈ కాలం హోండాల్లో చాలావాటికి 1, 6 బటన్లు కలిపి నొక్కి పట్టుకుని రేడియో ఆన్ చేస్తే ఆ సీరియల్ నంబర్ తెర మీదే కనబడుతుంది. ముందే తీసి రాసిపెట్టుకోండి. ఆదివారం సాయంత్రం కోడ్ కోసం డీలర్‌షిప్‌కి ఫోన్లు చేయడం కన్నా ఇది సుఖం.

బ్యాటరీ నెగటివ్ తీశాక కనీసం మూడు నిమిషాలు ఆగండి, ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో మిగిలిన కరెంటు దిగిపోవాలి. ఆ తర్వాతే డాష్ పలకలు లేపండి, అదీ ప్లాస్టిక్ పనిముట్టుతో. పాత ప్లాస్టిక్ క్లిప్‌లు టెక్సస్ ఎండకి పెళుసెక్కి ఉంటాయి, స్క్రూడ్రైవర్‌తో తన్నితే విరుగుతాయి, తర్వాత జన్మంతా కిర్రు కిర్రుమంటూనే ఉంటాయి.

యాంటెనా ప్లగ్ ఆకారం చూసుకోండి. ఎఫ్ఎమ్ డైరెక్ట్ అడాప్టర్‌కి వచ్చేది మోటరోలా రకం, గుండ్రటి పాతకాలపు ప్లగ్. కొన్ని కార్లకి అదే సరిపోతుంది, కొన్నింటికి రెండు చివరలా చిన్న మార్పిడి ప్లగ్‌లు కావాలి. ఫోక్స్‌వ్యాగన్ లాంటి కొన్ని కార్లలో యాంటెనా బూస్టర్‌కి (సిగ్నల్ పెంచే భాగానికి) కరెంటు ఆ యాంటెనా వైరు గుండానే వెళ్తుంది. మధ్యలో డబ్బా పెడితే ఆ కరెంటు ఆగిపోయి మామూలు ఎఫ్ఎమ్ నీరసించిపోతుంది. ఒక జెట్టాకి ఇలాగే జరిగితే బూస్టర్‌కి విడిగా కరెంటు ఇచ్చే మార్పిడి ప్లగ్ తెప్పించాక గానీ కుదురుకోలేదు. మీరు బిగించాక శాటిలైట్ ఆఫ్ చేసి, మామూలు స్టేషన్లు మునుపటిలా వస్తున్నాయో లేదో తప్పకుండా వినండి.

పైకప్పు యాంటెనా విషయంలో మాత్రం బద్ధకించవద్దు. సగం ఫిర్యాదులు ఇక్కడే పుడతాయి. అయస్కాంతం బిళ్లని రేకు మీదే పెట్టాలి, అంచులకి కొన్ని అంగుళాల లోపలికి. ఆ రేకు యాంటెనాకి గ్రౌండ్‌గా పని చేస్తుంది, అంటే అందం కోసం డాష్ మీద ప్లాస్టిక్‌పై పెట్టినవాళ్లు సగం సిగ్నల్ అక్కడే పోగొట్టుకుంటున్నారన్నమాట. వైరు వెనక అద్దం వైపుకి దించి, డిక్కీ మూత రబ్బరు కింద నుంచి లోపలికి తెచ్చి, వెనక సీటు పక్కన, డోరు కింది ప్లాస్టిక్ పట్టీల కింద ముందుకి లాగండి. డిక్కీ కీలు దగ్గర కొంచెం వదులు ఉంచాలి, లేకపోతే మూత తెరిచి మూసిన ప్రతిసారీ వైరు నలుగుతుంది. లోపలికి దూరే చోట వైరుని ఒకసారి కిందికి వంచి పైకి తెస్తే వాన నీళ్లు వైరు వెంట లోపలికి జారవు. ముందు అద్దం పక్క స్తంభం గుండా తెస్తే దూరం తగ్గుతుందని కొందరు అక్కడ కూరేస్తారు. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో ఆ చోటు జోలికి పోకూడదు. కార్ వాష్‌లో బ్రష్‌ల కిందకి వెళ్లే ముందు బిళ్ల తీసి లోపల పెట్టుకోండి. అప్పుడప్పుడూ దాని అడుగు తుడవకపోతే ఇసుక చేరి పెయింట్ గీకుతుంది.

ఐ-20 మీద ఇది ఎలా పని చేస్తుందో తెలుసుకుంటే ఎప్పుడు ఆగుతుందో కూడా అర్థమవుతుంది. ఎక్స్‌ఎమ్ వైపు ఉపగ్రహాలు భూమధ్యరేఖ పైన నిలిచి ఉండే రకం, ఒకటి 85 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర, ఇంకొకటి 115 దగ్గర. అంటే మనకి దక్షిణం వైపు ఆకాశం తెరిపిగా కనబడాలి. రెండూ ఒకే కార్యక్రమాన్ని పంపుతాయి, కానీ నాలుగు సెకన్ల తేడాతో. మీరు వంతెన కింద నుంచి దూసుకెళ్లినప్పుడు పాట తెగకపోవడానికి కారణం అదే, ఒకదాని నుంచి జారిపోయిన ముక్కని రెండో దాని నుంచి తీసుకుని అతికిస్తుంది. వంతెన కిందే ట్రాఫిక్‌లో ఆగిపోయినా, పెట్రోల్ బంకు కప్పు కింద నిలబడినా నాలుగు సెకన్లు చాలవు, సౌండ్ పోతుంది. అది తప్పు కాదు. డాలస్ డౌన్‌టౌన్‌లో పెద్ద భవనాల మధ్య పని చేయడానికి నేల మీద రిపీటర్ టవర్లు (అదే సిగ్నల్‌ని మళ్లీ పంపేవి) పెట్టారు. అబిలీన్ అవతల ఆ టవర్లు లేకపోయినా భయం లేదు, చెట్టూ చేమా లేని నేల, ఆకాశమంతా మీదే. మీ రోడ్డుకి శాటిలైట్ రేడియో అతికినట్టు సరిపోతుంది. అదే మీరు రోజూ ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్‌కి ఆఫీసుకి వెళ్లేవారైతే అసలు వద్దనేవాణ్ని, యాప్ చాలు.

కరెంటుకి రిసీవర్‌తో వచ్చిన అడాప్టరే వాడండి. తొట్టెకి కావలసింది 5 వోల్టులు. డ్రాయర్‌లో ఏదో పాత 12 వోల్టుల వైరు పట్టింది కదా అని గుచ్చితే తొట్టె పొగ వదులుతుంది. తాళం తీసేశాక కూడా ఆ సాకెట్‌లో కరెంటు ఉంటే, రోజుల తరబడి కారు పార్క్ చేసేటప్పుడు ప్లగ్ పీకేయండి. తొట్టెని డాష్ మీద జిగురు బిళ్లతో అతికిస్తే జూలైలో జారి ఒళ్లో పడుతుంది. ఏసీ గాలి వచ్చే చోట క్లిప్ గానీ, కప్ హోల్డర్‌లో దిగే స్టాండ్ గానీ మేలు.

వాడకంలో ఒక చిక్కు ముందే చెప్తాను. స్టీరింగ్ మీద బటన్లతో సౌండ్ పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. చానెల్ మార్చే బటన్ నొక్కారో, అది శాటిలైట్ చానెల్‌ని మార్చదు, స్టీరియో ఎఫ్ఎమ్ నంబర్‌ని మారుస్తుంది, వెంటనే బుస్సుమని శబ్దం వస్తుంది. రేడియో చెడిపోయిందని ఫోన్ చేసేవాళ్లలో చాలామంది సంగతి ఇదే. ఆ ఎఫ్ఎమ్ నంబర్‌ని స్టీరియోలో 1వ ప్రీసెట్‌గా దాచుకోండి, ఒక్క నొక్కుతో వెనక్కి వస్తారు. రిసీవర్ మెనూలో సౌండ్ లెవెల్ కూడా ఉంటుంది. మామూలు ఎఫ్ఎమ్ స్టేషన్‌తో సమానమయ్యేదాకా సర్దుకోండి, లేకపోతే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడు చెవులు అదిరిపోతాయి.

పాత సామాను చవగ్గా దొరుకుతోందని కొనే ముందు కొంచెం చరిత్ర. ఎక్స్‌ఎమ్ 2001 సెప్టెంబర్‌లో మొట్టమొదట మన డాలస్‌లోనూ శాన్ డియేగోలోనూ మొదలైంది. సిరియస్ 2002లో వచ్చింది. 2008 జూలైలో రెండు కంపెనీలూ కలిసిపోయాయి, రేడియోలు మాత్రం కలవలేదు. సిరియస్ 2320 నుంచి 2332.5 మెగాహెర్ట్జ్ దాకా, ఎక్స్‌ఎమ్ అక్కడి నుంచి 2345 దాకా. పాత సిరియస్ రిసీవర్‌కి ఎక్స్‌ఎమ్ సిగ్నల్ అర్థం కాదు, పాత ఎక్స్‌ఎమ్ రిసీవర్‌కి సిరియస్ సిగ్నలూ అంతే. గరాజ్ సేల్‌లో తొట్టె ఒకరిది, రేడియో ఒకరిది, అడాప్టర్ ఇంకొకరిది కొని కలిపితే కుదరదు. సెకండ్ హ్యాండ్ కొనాలంటే అన్నీ కలిసి ఒకే పెట్టెలో ఉన్నదే కొనండి, రేడియో ఐడీ అడిగి, అది చందాకి పనికొస్తుందో లేదో కంపెనీకి ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బివ్వండి. "లైఫ్‌టైమ్ చందా ఉంది" అని రెట్టింపు ధర చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి, ఆ చందా ఖాతా ఇంకొకరి పేరు మీద ఉంటుంది.

చందా ధర సైట్‌లో కనబడేదే చివరి మాట కాదు. దాని మీద మ్యూజిక్ రాయల్టీ ఫీజు అదనంగా పడుతుంది. ఆఫర్ అయిపోగానే పూర్తి రేటు దానంతట అదే మొదలవుతుంది. ఆఫర్ ముగిసే తేదీని ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి, వారం ముందు ఫోన్ చేసి మానేస్తానని చెప్పండి, ఎక్కువసార్లు మళ్లీ తగ్గించి ఇస్తారు. ఆన్ చేయించేటప్పుడు కారు బయట ఉండాలి, రేడియో ఆన్‌లో ఉండాలి. సిగ్నల్ పంపాక కొన్ని నిమిషాలు పడుతుంది, కంగారుపడి మధ్యలో ఆఫ్ చేయకండి. ఇంకో సంగతి, తెలుగు పాటల కోసమే అయితే ఇదంతా దండగ. అందులో తెలుగు చానెల్ లేదు. వార్తలు, ఆటలు, ఇంగ్లిష్ పాటలు, మాటల కార్యక్రమాలు కావాలంటేనే పెట్టించండి.

ఇక నాన్నగారి స్విఫ్ట్. ఇక్కడి రిసీవర్ తీసుకెళ్లి లాభం లేదు, ఈ ఉపగ్రహాలు ఉత్తర అమెరికా వైపే చూస్తుంటాయి. మన దగ్గర ఒకప్పుడు వరల్డ్‌స్పేస్ అని శాటిలైట్ రేడియో ఉండేది, అందులో స్పందన అని తెలుగు చానెల్ కూడా వచ్చేది, మీ నాన్నగారికి గుర్తుండొచ్చు. ఆ సేవ 2009 డిసెంబర్ 31తో ఇండియాలో ఆగిపోయింది. అప్పటి రిసీవర్లు ఇప్పటికీ ఓఎల్‌ఎక్స్‌లో అమ్మకానికి కనబడితే మోసపోకండి, వాటికి పట్టే సిగ్నల్ లేదు. ఆయనకి కావలసింది పాత పాటలు, ఆకాశవాణి వార్తలు అయితే స్విఫ్ట్ స్టీరియోలో యూఎస్‌బీ ఉందేమో చూడమనండి, ఉంటే ఒక పెన్‌డ్రైవ్ నిండా పాటలు వేసి పంపండి. ఆక్స్ జాక్ ఉంటే ఫోన్‌లో ఆకాశవాణి వాళ్ల న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్ పెట్టిస్తే విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు రెండూ వస్తాయి. ఆ రెండూ లేకపోతే బెజవాడలో కార్ స్టీరియో మార్చడం ఇక్కడిలా పెద్ద వ్యవహారం కాదు. బ్లూటూత్ ఉన్న స్టీరియో పెట్టించేయండి, పాతది మాత్రం షాపులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోమనండి, కారు అమ్మేటప్పుడు అడుగుతారు.